షెడ్డు ఒక్కటి, బండ్లు రెండు: ఈ చలికాలం నీడ ఎవరికి?

వెనకింజను (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మూడు వారాల క్రితం మాకు రెండో అమ్మాయి పుట్టింది. తల్లీబిడ్డలిద్దరూ క్షేమంగా ఉన్నారు. పెద్దమ్మాయికి నాలుగేళ్లు. చెల్లెలు వచ్చిందన్న సంబరం కంటే, కారులో తన పక్కన ఆ చెల్లెలి సీటు బిగించామన్న ఉక్రోషమే ప్రస్తుతానికి ఆ పిల్లలో ఎక్కువగా కనిపిస్తోంది. మోకాలి ఆపరేషను అయ్యాక మా నాన్నగారు కూడా మా దగ్గరికే వచ్చేశారు కాబట్టి, నిన్నమొన్నటి వరకు ముగ్గురం ఉన్న ఇంట్లో ఇప్పుడు అయిదుగురం ఉన్నాం. సరిగ్గా ఇదే సమయానికి, నేను ఇరవై ఏళ్లుగా కలలు కంటున్న కారు అమ్మకానికి వచ్చింది.

అది 1987 నాటి పోర్షే 911 కరెరా 3.2 అనే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, ఇంజను వెనక ఉంటుంది. ఈ రకం 1984 మోడలు నుంచి 1989 మోడలు వరకు వచ్చింది. నేను 1987నే కోరుకోవడానికి కారణం, ఆ మోడలు నుంచి దీనికి జీ50 అనే కొత్త గేరుబాక్సు, దానితోపాటు తీగతో కాక ద్రవ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్చి రావడం. ఈ పిచ్చి నాకు అంటించింది మా నాన్నగారే. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఈ కారును 901 అన్న పేరుతో చూపించారనీ, మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో మరుసటి ఏడాది అది 911 అయిందనీ, నన్ను నిద్రపుచ్చడానికి రాజకుమారుడి కథ చెప్పినట్టు చెప్పేవారు. నేను నిద్రపోయేవాణ్ని కాదు.

డబ్బు సంగతి నేను చూసుకోగలను. దాని గురించి ఇక్కడ అడగడం లేదు. నా చిక్కు వేరు. మా ఇంటికి ఉన్నది ఒకే షెడ్డు, అందులో పట్టేది ఒకే బండి. ఇక్కడ చలికాలంలో రాత్రిళ్లు మైనస్ 15 దాకా దిగుతుంది, దారుల మీద ఉప్పు చల్లుతారు. ఇంటి అవసరాలకు వాడే అయిదు తలుపుల చిన్న కారు ఇప్పటిదాకా షెడ్డులోనే పడుకుంటోంది. 911 కొంటే రెండింట్లో ఒకటి బయట ఉండాలి. మా ఆవిడ ఒక్కటే మాట అంది: "మీ కారు మీరు కొనుక్కోండి, నేను కాదనను, కాని పొద్దున్నే పసిపిల్లను చంకనేసుకుని అద్దం మీద మంచు గీకే పని మాత్రం నాకు పెట్టకండి."

ఆ మాటలో న్యాయం ఉంది. అయితే నలభై ఏళ్లకు దగ్గరపడుతున్న కారును మంచులో వదిలేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. షెడ్డు దేనికి ఇవ్వాలి? 911ను మంచి తొడుగు కప్పి బయట ఉంచవచ్చా? లేక దాన్ని ఏడాది పొడవునా నడిపి, "వాడే బండికి తుప్పు పట్టదు" అని కొందరు చెప్పే మాట నమ్మవచ్చా? చలి ప్రాంతాల్లో పాత బండ్లు పెంచుతున్నవారి అనుభవం తెలుసుకోవాలని ఉంది.

తుప్పువైద్యుడు:

ముందుగా ఇంటికి వచ్చిన చిన్నమ్మాయికి ఆశీస్సులు, పెద్దమ్మాయికి సానుభూతి. నేను పాత బండ్ల అడుగుభాగాలు బాగుచేసే పనిలో పాతికేళ్లు గడిపాను కాబట్టి తుప్పు వైపు నుంచే మాట్లాడతాను.

చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం ఒకటి ఉంది. ఉప్పు దారుల మీద రోజూ తిరిగే బండిని వెచ్చటి షెడ్డులో పెడితే దానికి మేలు చేస్తున్నామని అనుకుంటారు. నిజానికి తుప్పు ఒక రసాయనిక చర్య. చలి ఎక్కువైన కొద్దీ అది మందగిస్తుంది, వెచ్చబడిన కొద్దీ చురుకవుతుంది. గట్టి చలిలో బయట నిలబడ్డ బండి అడుగున మంచు గడ్డకట్టుకుని ఉంటుంది, ఉప్పు కూడా అందులోనే బిగుసుకుని ఉంటుంది. అదే బండిని షెడ్డులోకి తెస్తే ఆ గడ్డ కరిగి, ఉప్పునీరై, రేకులు కలిసే అతుకుల్లోకి రాత్రంతా ఇంకుతుంది. తెల్లవారాక మళ్లీ కొత్త ఉప్పు, రాత్రికి మళ్లీ కరగడం. ఇలా మూడు నెలలు సాగితే అతుకు లోపల ఏం జరుగుతుందో నేను చేతులతో తడిమి చూశాను: పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, స్క్రూడ్రైవరు పిడితో తడితే మాత్రం రేకు మోగదు, మూగగా "తప్" మంటుంది. ఆ చప్పుడు విన్న తర్వాత యజమాని ముఖం చూడాలంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

కాబట్టి కేవలం రేకుల లెక్కే చూస్తే, తిరిగే బండి బయట, కదలని బండి లోపల ఉండటం సరైన పద్ధతి. తిరిగే బండికి కావలసింది నీడ కంటే నీళ్లు. చలి కాస్త తగ్గిన రోజున అడుగుభాగం, చక్రాల పైగూళ్లు బాగా కడిగించాలి.

తొడుగు కప్పి బయట ఉంచడం మాత్రం వద్దు. గాలి ఆడని తొడుగు కింద నేల తేమ పైకి లేచి రాత్రి చెమ్మగా దిగుతుంది; గాలి ఆడే తొడుగు అయితే గాలివానకు కొట్టుకుని, దాని కింద చేరిన ఇసుక రేణువులతో రంగును గరుకు కాగితంలా రుద్దుతుంది. 1976 మోడలు నుంచి 911 శరీరమంతా జింకు పూత పూసిన రేకుతో చేశారన్న ధైర్యం మీకు ఉండవచ్చు. ఆ పూత చాలా గొప్పది. అయితే ఇన్నేళ్లలో ఎక్కడైనా గుద్దుకుని వెల్డింగు చేయించి ఉంటే ఆ చోట జింకు కాలిపోయి ఉంటుంది. కొనేముందు తలుపు గడియ పట్టుకునే స్తంభం అడుగు, ముందు డిక్కీలో బ్యాటరీ కూర్చునే పళ్లెం, ముందు అద్దం చుట్టూ రబ్బరు కింద, ఈ మూడూ చూడకుండా చేయి కలపకండి.

ఇక నడపడం సంగతి. ఇంజను వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉంటుంది కాబట్టి బరువులో దాదాపు అరవై శాతం నడిపించే చక్రాల మీదే పడుతుంది. అందుకే మంచులో ఈ కారు కదలడానికి మొరాయించదు. చలికాలపు కొండదారుల్లో జరిగే కార్ల పోటీ మోంటే కార్లో ర్యాలీని 1968, 1969, 1970లలో వరుసగా మూడేళ్లు గెలిచింది 911లే. అయితే ఆ గెలిచినవారు మనలాంటివారు కారు. ముందు చక్రాల మీద బరువు తక్కువ కావడం వల్ల జారుడు నేలపై మలుపు తిరగడానికి అది మొదట ఒప్పుకోదు. కంగారుపడి యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తే ఒక్కసారిగా తోక ముందుకు వస్తుంది. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా కరెరా 3.2కి లేదు. అది 964 అని పిలిచే తర్వాతి తరం 911తో వచ్చింది. ఖాళీ మైదానంలో మంచు మీద ఒక పూట నేర్చుకుంటే అంతకంటే ఆనందం లేదు, నేను ఒప్పుకుంటాను. మామూలు దారిలో, ఎదురుగా బండ్లు వస్తుండగా మాత్రం వద్దు. "వాడే బండికి తుప్పు పట్టదు" అన్న మాట ఉప్పు ఎరగని దారుల్లో పుట్టి ఉంటుంది.

చలిపొద్దు:

మీ ఇంటి వార్త చదివి చాలా సంతోషించాను. మా అబ్బాయి ఈ నెలలోనే డ్రైవింగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. వాడు పుట్టిన చలికాలం నాకు నిన్నటిలా గుర్తుంది కాబట్టి మీ ఆవిడగారి పక్షాన నాలుగు మాటలు రాస్తున్నాను. తుప్పువైద్యుడు గారు చెప్పిన రసాయనశాస్త్రంతో నాకు పేచీ లేదు. అయితే ఆ లెక్కలో రేకు ఉంది కాని పసిపిల్ల లేదు.

చలికాలంలో బిడ్డను కారులో కూర్చోబెట్టడం ఎలాంటిదో ఒకసారి చెప్పనివ్వండి. బయట నిలిపిన కారైతే బిడ్డకు ముందే ఉబ్బెత్తు కోటు తొడుగుతాం, ఎందుకంటే లోపల సీటు రాయిలా చల్లగా ఉంటుంది. ఆ కోటు మీద బెల్టు బిగిస్తాం. బిగుతుగా ఉందనే అనుకుంటాం. ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. కోటుతో కూర్చోబెట్టి బెల్టు సర్దండి, తర్వాత ఆ సర్దుబాటు కదపకుండా బిడ్డను దింపి, కోటు విప్పి, మళ్లీ కూర్చోబెట్టి అదే బెల్టు పెట్టండి. భుజం దగ్గర ఎంత ఖాళీ వస్తుందో చూస్తే మీకే ఒళ్లు ఝల్లుమంటుంది. నాకు పిడికిలి దూరింది. ప్రమాదం జరిగిన క్షణంలో ఆ కోటులోని గాలి అంతా నలిగిపోయి మిగిలేది ఆ వదులే. అందుకే పల్చటి దుస్తులతో కూర్చోబెట్టి, బెల్టు బిగించాక, పైన దుప్పటి కప్పాలి. షెడ్డులో ఉన్న కారులో ఇది తేలిక. మైనస్ 15లో, గాలి కొడుతుండగా, తలుపు తెరిచి పెట్టుకుని చేయడం కష్టం. కష్టమైన పనిని రోజుకు రెండుసార్లు ఎవరూ సరిగ్గా చేయరు.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. షెడ్డులో కారు ఉంది కదా అని లోపలే ఇంజను వేసి వేడెక్కనివ్వకండి. తలుపు తెరిచినా సరే, కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది, అది ఇంట్లోకి కూడా పాకుతుంది. దానికి రంగూ వాసనా లేవు.

మీ కలల కారు గురించి రెండు విషయాలు. గాలితో చల్లబడే 911లో లోపలికి వచ్చే వెచ్చదనం ఇంజను నీళ్ల నుంచి రాదు, ఎందుకంటే అందులో నీళ్లే లేవు. సైలెన్సరు వైపు వెళ్లే వేడి గొట్టాల చుట్టూ పెట్టెలు ఉంటాయి. వాటి గుండా గాలి పంపి, వేడెక్కిన ఆ గాలినే లోపలికి తోస్తారు. ఆ గొట్టాలకు ఎక్కడైనా చిల్లి పడిందంటే పొగ నేరుగా కూర్చున్నవారి మీదికి వస్తుంది. కాబట్టి బండిని పైకెత్తించి ఆ పెట్టెలను చూడకుండా ఎవరినీ, ముఖ్యంగా పిల్లలను, అందులో ఎక్కించకండి. రెండోది, వెనక ఉన్న రెండు చిన్న సీట్లలో వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు పట్టడం అసాధ్యంలాంటిదే. అంటే ఈ చలికాలంలో ఆ కారు మీ కుటుంబంలో ఎవరినీ ఎక్కడికీ తీసుకువెళ్లదు. ఎక్కడికీ వెళ్లని బండికి ఇంట్లో ఉన్న ఒక్క నీడా ఇచ్చి, రోజూ వెళ్లే నలుగురిని మంచులో నిలబెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. 911కు మరెక్కడైనా పొడి చోటు అద్దెకు దొరుకుతుందేమో చూడండి.

నాన్నగారి మోకాలి గురించి కూడా ఆలోచించండి. 911 అందరూ అనుకునేంత నేలబారు కారు కాదు, నిటారుగానే కూర్చోవచ్చు. కాని రెండు తలుపుల కారు కాబట్టి తలుపు పొడవు ఎక్కువ. అది పూర్తిగా తెరుచుకుంటేనే మోకాలు మడవకుండా ఎక్కగలుగుతారు. కారు వెడల్పు 1.65 మీటర్లే అని మురిసిపోకుండా, తలుపు తెరిచిన వెడల్పుతో మీ షెడ్డు కొలవండి.

ఆరుకిరీటాలు:

అసలు ప్రశ్నే తప్పు అని చెప్పడానికి వచ్చాను, క్షమించాలి. రెండు బండ్లకు ఒక షెడ్డు చాలనప్పుడు షెడ్డు గురించి కొట్లాడుకోవడం దేనికి? కలా కుటుంబమూ ఒకే బండిలో పట్టే మార్గం ఉంది.

నా కలల కారు లాంచియా డెల్టా ఇంటెగ్రాలే. అయిదు తలుపులు, నాలుగు చక్రాలకూ ఎప్పుడూ అందే బలం, రెండు లీటర్ల టర్బో ఇంజను, వెనక డిక్కీ తలుపు. 1987 నుంచి 1992 వరకు ప్రపంచ ర్యాలీలో తయారీదారుల కిరీటాన్ని వరుసగా ఆరుసార్లు లాంచియాకు తెచ్చిపెట్టింది డెల్టాలే. నా పేరు అక్కడి నుంచే వచ్చింది. చూడటానికి సరుకులు తెచ్చుకునే బండిలా పెట్టె ఆకారంలో ఉంటుంది, అదే నాకు నచ్చేది. లేదంటే ఆడి క్వాట్రో తీసుకోండి. 1980లో జెనీవాలో దాన్ని చూపించినప్పుడు నాలుగు చక్రాల బలం అనేది పొలాల్లోకి, అడవుల్లోకి వెళ్లే బండ్ల వ్యవహారమని అందరూ అనుకునేవారు. ఆ మరుసటి ఏడాదే మిషెల్ మూటో దానితో సాన్‌రెమో ర్యాలీ గెలిచి, ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఒక పోటీ గెలిచిన మొదటి మహిళ అయింది. క్వాట్రోకు తలుపులు రెండే, కాని వెనక పెద్దలు కూర్చునే చోటు ఉంది.

అన్నట్టు, మీరు ఇంకా ముగ్గురే ఉండి ఉంటే మెక్‌లారెన్ ఎఫ్1 సలహా ఇచ్చేవాణ్ని: మధ్యలో డ్రైవరు, చెరో పక్క ఒకరు. మొత్తం 106 మాత్రమే తయారుచేశారు. వెతకడం మొదలుపెట్టేలోపు చిన్నమ్మాయి పెద్దదైపోతుంది.

నవ్వులు పక్కన పెడితే, నా మాటల్లోని లోపం నాకే తెలుసు. ఇంటెగ్రాలే విడిభాగాలు దొరకడం గగనం. ముప్పై ఏళ్లు దాటిన ఏ బండినైనా ఉప్పు దారిలో రోజువారీ పనికి తిప్పితే, తుప్పువైద్యుడు గారు నా ఇంటికే వచ్చి తిట్టిపోతారు. నాకు అరవై రెండేళ్లు. మొదట పిల్లలు చిన్నవాళ్లని వాయిదా వేశాను, తర్వాత ఇల్లు కట్టాలని వేశాను, ఆ తర్వాత పిల్లల చదువులని వేశాను. పోయిన నెలలో మనవడు పుట్టాడు. ఇప్పుడు నడుము నొప్పి వల్ల బిగుతు సీటులో గంటకు మించి కూర్చోలేను. మీరు షెడ్డు కోసం ఆగితే ఆగండి గాని, కారును మాత్రం చేయి దాటనివ్వకండి.

నల్లమంచు:

అందరూ 911 చుట్టూనే తిరుగుతున్నారు. ఈ చలికాలం నిజంగా ఇంటిల్లిపాదినీ మోసేది ఆ చిన్న కారే కదా. దాని టైర్ల గురించి ఎవరూ అడగలేదు.

సుమారు 7 డిగ్రీల కంటే దిగువన వేసవి టైరు రబ్బరు బిరుసెక్కి పట్టు కోల్పోతుంది. మంచు పడిన తర్వాతే కాదు, పొడి దారి మీద కూడా. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో ఆరు కొమ్మల మంచుపువ్వు ఉన్న గుర్తు కోసం చూడండి. అది మంచు మీద పరీక్ష నెగ్గినవాటికే వేస్తారు. "ఎమ్ ప్లస్ ఎస్" అన్న అక్షరాలు మాత్రమే ఉంటే ఆ పరీక్ష జరిగినట్టు కాదు. నాలుగూ మార్చాలి. ముందు చక్రాలతో నడిచే బండికి ముందు రెండే మారిస్తే బయలుదేరడం హాయిగా ఉంటుంది, బ్రేకు వేసిన మొదటి మలుపులో వెనక భాగం మిమ్మల్ని దాటిపోతుంది. గాలి కూడా చూస్తూ ఉండాలి. చలి ప్రతి 5, 6 డిగ్రీలు పెరిగినప్పుడల్లా టైరులో ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది.

ఇంకొక్క మాట. మైనస్ 15 కంటే నన్ను భయపెట్టేది సున్నా. గట్టి చలిలో మంచుగడ్డ పొడిగా, గరుకుగా ఉంటుంది. సున్నా దగ్గర దాని మీద పల్చటి నీటి పొర చేరి నూనె రాసినట్టు అవుతుంది. వంతెనల మీద ముందుగా గడ్డకట్టేది కూడా అప్పుడే, ఎందుకంటే వాటికి కింద నుంచీ గాలి తగులుతుంది.

వెనకింజను:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చలిపొద్దు గారు చెప్పిన కోటు పరీక్ష నిన్న రాత్రి పెద్దమ్మాయితో చేశాం. నాకు పిడికిలి కాదు, మణికట్టు దాకా దూరింది. మా ఆవిడ ఏమీ అనలేదు, ఆ కోటును తీసుకువెళ్లి బీరువాలో పెట్టేసింది. చిన్న కారుకు గుర్తున్న టైర్లే ఉన్నాయి, నాలుగూ అవే.

కారు అమ్మే పెద్దాయనతో మాట్లాడాను. ఆయన షెడ్డు పొడిగా, సిమెంటు నేలతో ఉంది. బయానా ఇస్తే వసంతం వచ్చి, వానలకు దారుల మీద ఉప్పు కొట్టుకుపోయేదాకా కారును తన దగ్గరే ఉంచుకోవడానికి ఒప్పుకున్నారు. అయితే ఆయన గర్వంగా చెప్పిన ఒక మాట నాకు అనుమానం కలిగించింది: పదిహేను రోజులకు ఒకసారి ఇంజను వేసి పది నిమిషాలు తిరగనిచ్చి ఆపేస్తారట. అది మంచిదేనా? ఈ మూడు నాలుగు నెలలూ కారును ఎలా పడుకోబెట్టమని ఆయనను కోరాలి?

తుప్పువైద్యుడు:

మంచిదని చేసే చెడ్డ పని అది. ఇంజనులో పెట్రోలు మండితే పొగతోపాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. నూనె పూర్తిగా కాగేదాకా బండి నడిస్తే ఆ తేమ ఆవిరై పోతుంది. పది నిమిషాలు నిలబెట్టి ఆపేస్తే అది సైలెన్సరు లోపలా నూనెలోనూ మిగిలిపోతుంది. పైగా చల్లటి ఇంజనుకు అదనంగా పోసే పెట్రోలులో కొంత సిలిండరు గోడల వెంట దిగి నూనెను పల్చబరుస్తుంది. కరెరా 3.2లో సుమారు 13 లీటర్ల నూనె ఉంటుంది, అది విడిగా ఒక ట్యాంకులో నిలవ ఉంటుంది. అంత నూనె నిలబెట్టిన బండిలో కాగాలంటే పది నిమిషాలు ఏ మూలకూ చాలవు. వేస్తే అరగంటకు పైగా దారి మీద నడపాలి, లేదా అసలు ముట్టుకోకూడదు. దారి మీద ఉప్పు ఉంది కాబట్టి ముట్టుకోకపోవడమే మేలు.

పడుకోబెట్టే ముందు నూనె మార్పించండి. వాడిన నూనెలో ఆమ్లాలు, తేమ ఉంటాయి, అవి బేరింగుల మీద నాలుగు నెలలు కూర్చోవడం మంచిది కాదు. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, పెట్రోలు చెడకుండా కలిపే మందు కూడా వేయించండి. ట్యాంకులో ఖాళీ ఎంత తక్కువ ఉంటే లోపల చెమ్మ అంత తక్కువ. టైర్లలో గాలి కాస్త ఎక్కువగా నింపి, నెలకొకసారి బండిని చేత్తో పావు చుట్టు జరిపితే ఒకే చోట అణగకుండా ఉంటాయి. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేయకండి, పట్టీలు అతుక్కుపోతాయి. గేరులో ఉంచి చక్రాలకు చెక్కముక్కలు పెట్టమనండి. సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కమనండి, దానికి ఎర్రటి రిబ్బను కట్టి స్టీరింగుకు గుర్తుగా ఇంకొకటి వేలాడదీయమనండి. ఎలుకలకు వేడి పెట్టెలంత ఇష్టమైన ఇల్లు మరొకటి లేదు.

బ్యాటరీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నిండా ఛార్జి ఉన్న సీసపు బ్యాటరీ మైనస్ 50 దగ్గర కూడా గడ్డకట్టడం కష్టం. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ సున్నాకు కాస్త దిగువనే గడ్డకట్టి పగులుతుంది. అందుకే దాన్ని విప్పి ఇంట్లో పెట్టాలి, లేదా నిండాక తనంతట తాను ఆగే ఛార్జరుకు తగిలించి ఉంచాలి. విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.4 కంటే దిగితే ఆగకుండా ఛార్జి చేయాలి. ఇక రేడియేటరు గురించి బెంగ లేదు. గాలితో చల్లబడే ఇంజనుకు గడ్డకట్టే నీళ్లు లేకపోవడం చలికాలంలో దానికున్న ఒకే ఒక సౌఖ్యం.

చివరగా, బయానా ఇచ్చేముందు ఇంజను పూర్తిగా చల్లారి ఉండగా మీ ఎదుటే మొదటిసారి వేయమనండి. మీరు వెళ్లేసరికి ఇంజను మీది వెనక మూత వెచ్చగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పి తిరిగి రండి. ఆయన మంచివారే కావచ్చు. చల్లటి ఇంజను చెప్పే నిజాలు వేడి ఇంజను చెప్పదు.

వెనకింజను:

ఆదివారం వెళ్లి వచ్చాం. తల్లీ చిన్నపాపా ఇంట్లో ఉన్నారు. నాన్నగారు, పెద్దమ్మాయి నాతో వచ్చారు. వెనక మూత మీద నాన్నగారే మొదట చేయి పెట్టి చూశారు, మంచుముద్దలా ఉంది. తాళం తిప్పగానే ఒక క్షణం తడబడి అందుకుంది. కాస్త నీలిపొగ వచ్చి, నిమిషంలో పోయింది. అడ్డంగా పడుకున్న సిలిండర్ల ఇంజను కాబట్టి నిలవ ఉన్నప్పుడు కొంచెం నూనె దిగి మొదట్లో పొగ రావడం మామూలేనని తెలుసు గాని, ఆ నిమిషం మాత్రం ఊపిరి బిగబట్టాను. బండిని పైకెత్తించి వేడి పెట్టెలు, గొట్టాలు చూశాం, చిల్లులు లేవు. తలుపు స్తంభాల అడుగున స్క్రూడ్రైవరు పిడితో తట్టాను, రెండు వైపులా మోగింది. బ్యాటరీ పళ్లెం ఒక మూల తుప్పు మరక ఉంది, దాన్ని గీకి రంగు వేయించి ఇస్తానన్నారు.

బయానా ఇచ్చేశాను. షెడ్డు ఈ చలికాలం చిన్న కారుదే. మా షెడ్డులో 911 తలుపు పూర్తిగా తెరుచుకోదని కొలిచాక తేలింది కాబట్టి, వసంతంలో గోడ పక్కనున్న అరలు తీసేయాలి. ఆ పని ఇప్పుడే మొదలుపెట్టమని మా ఆవిడ అంటోంది. నెలకొకసారి వెళ్లి టైర్లు జరిపే బాధ్యత నాన్నగారు తీసుకున్నారు, జరిపేది నేనే అయినా. ఆయన తలుపు బార్లా తెరిపించి, ముందు నడుము ఆనించి, తర్వాత కాళ్లు ఒక్కొక్కటిగా లోపలికి తెచ్చుకుని కూర్చున్నారు. ఎదురుగా ఉన్న అయిదు గుండ్రటి మీటర్లలో నడుమ పెద్దది వేగం చూపేది కాదు, ఇంజను చుట్లు చూపేదని ఆ పెద్దాయనకే వివరించారు. ముప్పై ఏళ్లుగా ఆ కారు నడుపుతున్న ఆయన మర్యాదగా తల ఊపారు.

పెద్దమ్మాయి మాత్రం వెనక చిన్న సీటులోకి పాకి, పక్క సీటును అరచేత్తో రెండుసార్లు కొలిచి, "ఇందులో చెల్లి సీటు పట్టదు కదా నాన్నా?" అని అడిగింది. పట్టదన్నాను. ఇంటికి వచ్చేదాకా దారి పొడవునా తాతగారిని కూడా అదే ప్రశ్న అడిగి ఖాయం చేసుకుంది.